వానలో చూడండి, మరమ్మతులప్పుడు చూడండి

విదేశాలకు బయల్దేరేవాళ్లకు నేను చెప్పే సలహాలు వింటే ఇంట్లో పెద్దలు వద్దంటారు, టూర్లు నడిపేవాళ్లు అసలే ఒప్పుకోరు. అయినా ఒక్కొక్కటీ మనస్ఫూర్తిగానే చెబుతున్నాను. వాన పడే రోజు చూసుకుని వెళ్లండి. మరమ్మతులు జరుగుతుంటే తప్పకుండా వెళ్లండి. గొప్ప కట్టడాల్లో లోపాలు వెతకండి. పక్క గోడ చూశాకే ముందు గోడ దగ్గర ఫొటో దిగండి. పన్నెండు రోజుల్లో తొమ్మిది దేశాలు చూపిస్తామనే ప్రకటన కనబడితే పేజీ తిప్పేయండి.

ఆ చివరిదానితోనే మొదలుపెడతాను. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. షెంజెన్ వీసా ఒక్కటి చేతికొస్తే యూరప్‌లో 29 దేశాలు తిరగొచ్చు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఆ వీసా రుసుము 90 యూరోలు. అంత కట్టాం కదా, ఎన్ని వీలైతే అన్ని చుట్టేద్దాం అనిపించడం సహజం. కానీ అలా వెళ్లినవాళ్ల రోజంతా దేనికి పోతుందో చూడండి. పొద్దున్నే పెట్టె సర్దడం, హోటల్లో టిఫిను, నాలుగైదు గంటలు హైవే, ఒక కట్టడం ముందు ముప్పావుగంట, మళ్లీ బస్సు. ఇంటికొచ్చాక ఫొటోలు చూపిస్తూ, ఈ చర్చి ఏ ఊళ్లోదో చెప్పలేక పక్కవాళ్లను అడుగుతారు.

వీసా 29 దేశాలకున్నా ఒక్క దేశంలోనే ఉండండి. ఆ దేశంలో మూడు కట్టడాలు ఎంచుకుని, ఒక్కోదానికి వేర్వేరు రోజుల్లో రెండేసి పూటలు కేటాయించండి. పొద్దుటి వెలుతురులో ఒకసారి, సాయంత్రం మరోసారి. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటామో ఆ దేశానికే వీసా దరఖాస్తు పెట్టాలన్నది షెంజెన్ నిబంధన. ఒకే దేశమనుకుంటే ఆ తికమక కూడా ఉండదు.

మరి అన్నేసి గంటలు అక్కడ ఏం చూడాలి? ఒక్క ప్రశ్న వెంట తీసుకెళ్లండి చాలు: ఇది పడిపోకుండా ఎలా నిలబడింది? ఎవరు కట్టించారు, ఏ యుద్ధంలో గెలిచి కట్టించారు అన్నవి పుస్తకంలో దొరుకుతాయి, గైడూ చెబుతాడు. పైనున్న బరువు ఏ దారిన నేలకు దిగుతోందో మాత్రం అక్కడే నిలబడి, మెడ నొప్పి పుట్టేదాకా చూస్తేనే తెలుస్తుంది. ఆ దారి కనిపెట్టిన మనుషుల తెలివి ముందు మనసు దానంతటదే వంగుతుంది. అంత దూరం ప్రయాణం చేయడానికి అంతకు మించిన కారణం నాకు కనబడలేదు. మిగతా సలహాలన్నీ ఈ ప్రశ్న కోసమే.

రోమ్‌కు వానాకాలంలో వెళ్లండి

రోమ్‌లో వానలు ఎక్కువగా పడేది నవంబరులో. హోటళ్లు వేసవికన్నా చవగ్గా దొరుకుతాయి, జనమూ పలచబడతారు. వాతావరణ సూచన చూసుకుని, వాన తప్పదన్న రోజును పాంథియాన్ అనే ప్రాచీన కట్టడానికి అట్టే పెట్టుకోండి.

పాంథియాన్ గుమ్మటం నడినెత్తిన ఎనిమిది మీటర్లకు పైగా వెడల్పున్న గుండ్రటి రంధ్రం ఉంది. దానికి అద్దం లేదు, మూత లేదు. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 125 ప్రాంతంలో పూర్తయిన నాటి నుంచీ వాన నేరుగా లోపలే కురుస్తోంది. లోపలి వేడిగాలి చినుకుల్ని పైనే ఆపేస్తుందని కొందరు చెబుతారు, నమ్మకండి. చినుకులు పడతాయి, నేల తడుస్తుంది, సిబ్బంది వచ్చి తడి మేర తాడు కట్టి జనాన్ని పక్కకు పంపుతారు. మీరు ఆ తాడు దగ్గరికి వెళ్లి నిలబడండి.

మామూలు రోజుల్లో లోపలికి అడుగుపెట్టినవాళ్లందరి చూపూ పైకే పోతుంది. నేల ఎలా ఉందో ఎవరికీ పట్టదు. వాన రోజున నీళ్లే మీ చూపును కిందికి దించుతాయి. చూస్తూ ఉంటే నీళ్లు ఒకచోట నిలవకుండా మెల్లగా జరగడం కనబడుతుంది. అప్పుడు తెలుస్తుంది, ఆ పాలరాతి నేల సమతలంగా లేదని. నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉండి, పోను పోను వాలుగా దిగుతుంది. రాతిపలకల్లో చిన్న చిన్న రంధ్రాలు 22 ఉన్నాయి. నీళ్లు వాటిలోకి జారి అడుగునున్న కాలువ గుండా బయటికి పోతాయి. ఆకాశానికి తెరిచిన కప్పు వేసినవాళ్లు వాన సంగతి మరిచిపోలేదు. నేలను కూడా గుమ్మటంతో పాటే ఆలోచించారు. ఎండ కాసే రోజు వెళ్లినవాళ్లు ఈ సగం చూడకుండానే తిరిగొస్తారు.

ఇక పైకి చూడండి. గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు. నేల నుంచి ఆ రంధ్రం దాకా ఎత్తు కూడా సరిగ్గా అంతే. మొత్తం కాంక్రీటే, లోపల ఇనుప ఊచ ఒక్కటి కూడా లేదు. ఊచలు లేకుండా పోసిన కాంక్రీటు గుమ్మటాల్లో దీన్ని మించింది ఈ రోజుకీ ప్రపంచంలో లేదు. మరి ఎలా నిలబడింది? కింది వరసల కాంక్రీటులో బరువైన ట్రావర్టీన్ రాతి ముక్కలు కలిపారు. పైకి పోయేకొద్దీ టఫ్ అనే తేలిక రాయి, ఇటుక ముక్కలు, చివర రంధ్రం చుట్టూ అగ్నిపర్వతాలు కక్కిన, ఒళ్లంతా బెజ్జాలున్న ప్యూమిస్ రాయి. మందం కూడా అలాగే తగ్గుకుంటూ పోతుంది. అడుగున ఆరు మీటర్లు, రంధ్రం అంచున 1.2 మీటర్లు. లోపలివైపు అయిదు వరసల్లో, వరసకు 28 చొప్పున చదరపు గుంటలు కనిపిస్తాయి. అవీ బరువు తగ్గిస్తాయి. అసలు ఆ రంధ్రమే ఎంతో బరువును లేకుండా చేసింది.

ఈ లెక్క మన నేలకూ తెలుసు. ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి విమానానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలేంత తేలిక. కింద రాయి, పైన ఆ ఇటుక, గుడి అడుగున ఇసుక నింపిన పునాది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందుకే రోమ్ టికెట్టు కొనకముందే రామప్పకు వెళ్లిరమ్మంటాను. అక్కడ రాయి ఎక్కడ ఆగి ఇటుక ఎక్కడ మొదలవుతుందో వెతికి పట్టుకున్న కళ్లకు పాంథియాన్ తొందరగా అర్థమవుతుంది. ముందు రోమ్ చూసొస్తాం, రామప్ప ఎక్కడికి పోతుంది అనేవాళ్లు చాలామంది రామప్ప చూడకుండానే ఉండిపోతున్నారు. తెలుగువాళ్లకు ఇది తగదు.

పరంజా కనబడితే వెనుదిరగకండి

“అంత దూరం వెళ్తే పరంజా కట్టేసి ఉందండీ, ఏమీ కనబడలేదు” అని బాధపడేవాళ్లను చూస్తుంటాం. నాకు ఆ మాట వింటే వాళ్లు చేజార్చుకున్నదానికి బాధేస్తుంది. పూర్తయిన కట్టడం తన రహస్యాలన్నీ గిలాబా కింద దాచేసుకుంటుంది. పని జరుగుతున్నప్పుడే రాయి మీద రాయి ఎలా కూర్చుందో, కమాను కింద ఏ కొయ్యలు పెట్టారో కళ్లెదుట ఉంటాయి. ఇస్తాంబుల్‌లో హగియా సోఫియా గుమ్మటానికి 2025లో మరమ్మతులు మొదలుపెట్టారు. అది విని ప్రయాణం వాయిదా వేసుకోవద్దు.

ఇంకో అడుగు ముందుకేసి చెబుతాను. ఫ్రాన్స్ వెళితే, కట్టి ఎనిమిది వందల ఏళ్లయిన కోటలన్నిటికంటే ముందు ఇంకా కడుతున్న కోట ఒకటి చూడండి. పారిస్ నుంచి కారులో రెండు గంటలు వెళితే బర్గండీ ప్రాంతంలో, అడవి మధ్యన గెడెలాన్ అనే చోటు వస్తుంది. అక్కడ 1997లో ఒక కోట పని మొదలుపెట్టారు. నిబంధన ఒకటే: 13వ శతాబ్దంలో ఉన్న పద్ధతులు, పనిముట్లతోనే కట్టాలి. రాయి అక్కడి పాత క్వారీలోదే. మట్టి, ఓక్ కలప కూడా ఆ చుట్టుపక్కలవే. కమ్మరి ఉలులు కాచి ఇస్తుంటే రాతిపనివాళ్లు అక్కడే చెక్కుతుంటారు. మనిషి ఎత్తును మించిన చెక్కచక్రం ఒకటి గోడ మీద ఉంటుంది. దాని లోపల మనిషి నడుస్తూ ఉంటే తాడు ఇరుసుకు చుట్టుకుని, కిందనున్న రాళ్ల బరువు మెల్లగా పైకి లేస్తుంది.

మేస్త్రి చేతిలోని తాడును దగ్గరికెళ్లి చూడండి. దానికి సమాన దూరంలో పదమూడు ముడులుంటాయి, అంటే పన్నెండు భాగాలు. మూడు భాగాలు ఒకవైపు, నాలుగు ఇంకోవైపు, అయిదు ఏటవాలుగా లాగితే ఖచ్చితమైన లంబకోణం వస్తుంది. మన ఊళ్లల్లో కొత్త ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు టేపు పట్టి మూడు, నాలుగు, అయిదు అడుగుల లెక్కన మూల సరిచూస్తారు కదా, అదే ఇది. ఫ్రెంచి ఒక్క ముక్క రాకపోయినా అక్కడ జరిగే పని అర్థమవుతుంది. కమాను కట్టేచోట చెక్క సెంట్రింగ్ చూడండి. రాళ్లన్నీ దాని మీద పేర్చి, నడిమి రాయి బిగించి, సున్నం పట్టు పట్టాక ఆ చెక్క తీసేస్తారు. చెక్క ఉన్నంతసేపు రాళ్లను చెక్క మోస్తుంది. తీసిన క్షణం నుంచి రాళ్లే ఒకదాన్నొకటి మోసుకుంటాయి. ఈ ఒక్క సంగతి కళ్లతో చూశాక యూరప్‌లో ఏ పాత చర్చిలో అడుగుపెట్టినా కమానులు వేరేగా కనబడతాయి.

పారిస్‌లో నోత్రదామ్ చర్చి పైకప్పు 2019 ఏప్రిల్ 15న కాలిపోయిందని, 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారని అందరికీ తెలుసు. కాలిన ఆ ఓక్ దూలాల స్థానంలో కొత్తవాటిని పాత పద్ధతిలోనే గొడ్డళ్లతో చెక్కి అమర్చారు. ఆ పని చేసిన వడ్రంగుల్లో గెడెలాన్‌లో చెయ్యి తిరిగినవాళ్లున్నారు. అడవిలో ఎవరో సరదాకి కోట కట్టుకుంటున్నారనుకున్నది, దేశానికి అవసరం పడినప్పుడు చేతికందిన విద్య అయింది. పారిస్‌లో వారం గడిపేవాళ్లు ఈఫిల్ టవర్ క్యూలో పోయే పూటను తీసి గెడెలాన్‌కు ఇవ్వాలని నా అభిప్రాయం. కానీ చలికాలంలో అది మూసి ఉంటుంది. రోమ్‌కు చెప్పిన నవంబరు ఇక్కడ పనికిరాదు.

తలకిందులు చేసి చూడండి

బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చి పని 1882లో మొదలైంది. మరుసటి ఏడే వాస్తుశిల్పి అంటోనీ గౌడీ చేతికొచ్చింది. 1926లో ఆయన ట్రాము గుద్ది చనిపోయాక కూడా పని సాగుతూనే ఉంది. లోపల చెట్లలా కొమ్మలు వేసే స్తంభాలు, రంగుటద్దాల వెలుగు చూసి జనం ఊపిరి బిగబట్టుకుంటారు. అది సబబే. మీరు మాత్రం ముందు కింద మ్యూజియంలోకి దిగండి. అక్కడ కప్పు నుంచి దారాలు గుత్తులు గుత్తులుగా వేలాడే నమూనా ఒకటుంది. అదీ మొదట చూడాల్సింది.

గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణాన్ని గుర్తు చేసుకోండి. రెండు కొసలూ కట్టి వదిలేస్తే దారం తన బరువుకు తాను ఒక వంపు తిరుగుతుంది. ఆ వంపులో దారానికి లాగుడు తప్ప ఇంకేమీ తెలియదు. సరిగ్గా అదే వంపును తిరగేసి రాతితో కడితే, ఆ రాతికి నొక్కుడు తప్ప ఇంకేమీ తెలియదు. రాయి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితేనే పగులుతుంది. గౌడీ ఈ ఒక్క సూత్రం పట్టుకుని దాదాపు పదేళ్లు కూర్చున్నాడు. దారాలు వేలాడదీశాడు. ఎక్కడ ఎంత బరువు పడుతుందో అక్కడ సీసపు గుండ్లు నింపిన చిన్న సంచులు కట్టాడు. దారాలు సర్దుకున్నాక వాటికి ఫొటో తీయించి, ఫొటోను తిరగేసి, దాని మీద తన చర్చి బొమ్మ గీసుకున్నాడు. కాగితం మీద లెక్కలు కట్టాల్సిన పనిని బరువుల చేతనే చేయించాడు.

అసలు నమూనా ఆయన చేసింది సగ్రాదా కోసం కాదు, ఊరి బయట కొలోనియా గుయెల్ అనే బట్టలమిల్లు కార్మికుల వాడలో తలపెట్టిన చర్చి కోసం. 1908లో పని మొదలైంది, 1914లో డబ్బు ఆగింది. నేలమాళిగ ఒక్కటే పూర్తయింది. బార్సిలోనాకు వచ్చినవాళ్లలో కొద్దిమందే అక్కడిదాకా వెళతారు. ఎస్పాన్యా కూడలి నుంచి రైలుంది, ఆ పేరుతోనే స్టేషనుంది. వెళ్లండి. లోపలి స్తంభాలు నిటారుగా ఉండవు, ఒరిగి ఉంటాయి. బరువు ఏ దిక్కున వస్తోందో ఆ దిక్కుకే స్తంభం వాలింది కాబట్టి పక్క నుంచి దన్ను అక్కర్లేదు. కొన్ని బసాల్టు రాతివి, చెక్కీ చెక్కనట్టు గరుకుగా ఉంటాయి. వాటి మీద అరచెయ్యి ఆనించి, వాలు ఏ వైపుందో చూసి, ఆ వాలునే తలెత్తి అనుసరించండి. పై కమానులోకి ఎక్కడా తెగకుండా సాగిపోతుంది. కిటికీలకు మిల్లులో వాడి పారేసిన మగ్గపు సూదులతో జల్లెడ అల్లారు. ప్రపంచంలో ఇంత గొప్ప బుర్ర పనివాళ్ల వాడలో, వాళ్ల పాత సూదులతో ఈ పని చేసింది. సగ్రాదాకు ఒక పూట తగ్గించైనా దీన్ని చూసి రావాలి.

గొప్ప కట్టడంలో తప్పులు వెతకండి

ఇస్తాంబుల్‌లో హగియా సోఫియా గుమ్మటం చూసి నోరెళ్లబెట్టడానికి అరగంట చాలు. మిగతా సమయం దాని తప్పులకు ఇవ్వండి. 2024 జనవరి నుంచి విదేశీ యాత్రికులను మేడ మీది వసారాలోకే పంపుతున్నారు. కింది నేల మీద తిరగలేకపోయామని చాలామంది నొచ్చుకుంటున్నారు. తప్పులు బాగా కనబడేది మాత్రం ఆ మేడ మీదే. అక్కడి స్తంభాల్ని ఒక పక్కగా నిలబడి, కన్ను చికిలించి చూడండి. నిటారుగా లేవు, బయటికి ఒరిగాయి.

కారణం తొందర. జస్టీనియన్ చక్రవర్తి 532లో పని మొదలుపెట్టించి 537 ముగిసేలోగా పూర్తి చేయించాడు. ఇటుకల మధ్య సున్నపు పూత ఇటుకంత మందంగా వేశారు. అంత మందం సున్నం ఆరి గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది. అది ఆరకముందే పైన బరువెక్కించారు, గోడలు పక్కకు జరిగాయి. పైగా మొదటి గుమ్మటం మరీ చదునుగా ఉండటంతో బయటికి తోసే బలం ఎక్కువైంది. భూకంపాలు తోడై 558లో కూలిపోయింది. తర్వాత ఇసిడోర్ అనే శిల్పి ఎత్తు పెంచి, 562 నాటికి మళ్లీ నిలబెట్టాడు. తర్వాతి శతాబ్దాల్లో రెండుసార్లు కొంత కొంత భాగం పడితే మళ్లీ కట్టారు. అంటే మనం చూసేది వేర్వేరు కాలాల చేతులు అతికించిన గుమ్మటం. బయట ఆ లావుపాటి దన్నుగోడలు అందానికి పెట్టినవి కావు, తరతరాలు దాన్ని పడనివ్వకుండా పట్టుకున్నవి.

ఇదంతా చూశాక సులేమానియే మసీదుకు నడవండి. ఈ వరస మార్చొద్దు. ఒట్టోమన్ల ప్రధాన వాస్తుశిల్పి సినాన్, హగియా సోఫియాను గురువుగానూ హెచ్చరికగానూ ఎదురుగా పెట్టుకుని, 1550–57 మధ్య దీన్ని కట్టాడు. అంతకుముందు సైన్యంలో వంతెనలు కట్టిన ఇంజనీరు ఆయన. హగియా సోఫియాలో దన్నుగోడలు బయటికి పొడుచుకొచ్చి కనిపించాయి కదా, ఇక్కడ అవి ఎక్కడున్నాయో కనిపెట్టండి. ముందు గుమ్మం దగ్గర నిలబడితే దొరకవు. పక్క గోడ దగ్గరికి వెళ్లాలి. కాళ్లు కడుక్కునే కుళాయిల వరస, దాని మీద రెండంతస్తుల వసారా, మధ్య మధ్య మందపాటి గోడలు. అవే దన్నుగోడలు. సగం లోపలికి, సగం బయటికి జరిపి, మధ్య ఖాళీల్లో వసారాలు, కుళాయిలు పెట్టి, మోత మోసేదాన్ని మనిషికి నీడనిచ్చేదిగా మార్చేశాడు. అందరూ ముందు ప్రాంగణంలో ఫొటోలు దిగుతుండగా ఈ పక్క గోడ నీడలో కూర్చున్నవాళ్లకే సినాన్ మాట్లాడతాడని నా నమ్మకం. ఆయన సమాధి కూడా ఆ ఆవరణ గోడ బయట, ఒక వీధి మూలలో చిన్నగా ఉంటుంది. వెతికి చూడండి.

ఎదురుగా పాత మదరసా గదుల వరసలోనే తెల్ల చిక్కుడుగింజల కూర, అన్నం పెట్టే హోటళ్లున్నాయి. శాకాహారులు మాంసం కలిపారా అని ముందే అడగాలి. తెచ్చుకున్న పచ్చళ్ల మాటకొస్తే, యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి పాలతో, మాంసంతో చేసినవి పెట్టెలో తీసుకెళ్లకూడదు. నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

చిన్నవి కొన్ని. గోపురాలు, టవర్లు ఎక్కడానికి డబ్బు పెట్టొద్దు. పైకెక్కితే ఊరు కనబడుతుంది, మీరు చూడ్డానికొచ్చిన కట్టడం కాళ్ల కింద మాయమవుతుంది. గైడును రెండో పూటకే మాట్లాడుకోండి. మొదటి పూట మీ ప్రశ్నలు మీకు పుట్టాలి, లేకపోతే ఆయన జవాబులు చెవిదాకానే వస్తాయి. బొమ్మలు వేయడం రానివాళ్లు తప్పకుండా ఒక నోటుబుక్కు, పెన్సిలు తీసుకెళ్లండి. గీతలు వంకరపోయినా ఫరవాలేదు. కమానులు ఎన్ని, ఏది దేని మీద ఆనుకుందో లెక్కపెట్టకుండా గీయలేరు, ఆ లెక్కపెట్టడమే కావాల్సింది. వీలైతే చిన్న దుర్భిణి కొనుక్కోండి, సెల్‌ఫోను జూమ్ కంటే ఎంతో మేలు.

ఇల్లు కట్టించినవాళ్లను వెంట తీసుకెళ్లండి

పెద్దవాళ్లను తీసుకెళితే నెమ్మదిగా నడవాలి, అంత తిరగలేరు అని పిల్లలు వెనకాడతారు. నెమ్మదిగా నడవడమే కావాలిక్కడ. పైగా జీవితంలో ఒక్క ఇల్లయినా దగ్గరుండి కట్టించిన నాన్న, స్లాబు పోసిన మర్నాటి నుంచి వారాలపాటు పొద్దునా సాయంత్రం నీళ్లు పెట్టించిన అమ్మ, ఏ గైడూ అడగని ప్రశ్న అడుగుతారు. ఈ స్లాబుకు దూలాలేవి? ఇంత దూరం మధ్యలో స్తంభం లేకుండా ఎలా ఆగింది? సెంట్రింగ్ ఎప్పుడు తీశారు? ఇవే అసలు ప్రశ్నలు.

ఇది ముఖ్యంగా అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు చెబుతున్నాను. అమ్మానాన్నలు నెలల తరబడి ఉండటానికి వస్తారు. వాళ్లను నయాగరాకు, టైమ్స్ స్క్వేర్‌కు తిప్పుతారు, మిగతా రోజులు గుడికీ కాస్ట్‌కోకీ తీసుకెళతారు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఎంతోమంది తెలుగువాళ్లున్నారు. వాళ్లకు గంట ప్రయాణం దూరంలో, ఫోర్ట్‌వర్త్‌లో కింబెల్ ఆర్ట్ మ్యూజియం ఉంది. 1972లో తెరిచారు. కట్టింది లూయీ కాన్, అహ్మదాబాద్ ఐఐఎం, ఢాకా పార్లమెంటు భవనం రూపొందించినాయనే. 1974లో అహ్మదాబాద్ నుంచి తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో చనిపోయాడు.

కింబెల్‌లో పొడవాటి కాంక్రీటు వంపు కప్పులు పక్కపక్కనే వరసగా ఉంటాయి. ఒక్కోటి వంద అడుగుల పొడవు. కింద నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, అంతే. చూడగానే కమాను కప్పు అనుకుంటాం. కానీ నడినెత్తికి చూస్తే, కమానుకు నడిమి రాయి ఉండాల్సిన చోటే ఈ కొస నుంచి ఆ కొస దాకా చీలిక ఉంది. నడిమి రాయి లేని కమాను నిలబడదు. కాబట్టి ఇది కమాను కాదు. ఒక్కో కప్పూ వంద అడుగుల పొడవున ఒక దూలంలా పనిచేస్తోంది. లోపల బిగించి లాగిన ఉక్కు తీగలు దాన్ని పట్టుకున్నాయి. ఈ సంగతి మీరు చెప్పకండి, నాన్ననే కనిపెట్టనివ్వండి. చీలికలోంచి దిగిన టెక్సస్ ఎండ, కింద వేలాడే అల్యూమినియం రేకుల మీద పడి, తిరిగి కాంక్రీటు మీదికి పాకి, బూడిదరంగు కప్పును వెండిలా మెరిపిస్తుంది. గోడలకు పరిచింది ట్రావర్టీన్, పాంథియాన్ కాంక్రీటు అడుగున రోమన్లు కలిపిన రాయి. రోమ్‌కు వీసా రాకపోయినా, ఓపిక లేకపోయినా, నెత్తిన తెరిచిన కప్పు కింద నిలబడే భాగ్యం అమ్మానాన్నలకు ఇక్కడే ఉంది.

తూర్పు వైపు కారు ఆపి అటు నుంచే లోపలికి వెళ్లొద్దు. చుట్టూ నడిచి పడమటి వైపు చెట్ల మధ్య నుంచి రండి, కాన్ ఉద్దేశించిన ముఖద్వారం అదే. ఎదురుగా రెంజో పియానో కట్టిన కొత్త భవనం 2013 నాటిది, దాన్ని రెండో పూటకు ఉంచండి. సోమవారం మ్యూజియానికి సెలవు. మిగతా రోజుల్లో అక్కడి శాశ్వత సేకరణ చూడ్డానికి టికెట్టు లేదు.